పోపుల డబ్బాలో పాఠాలు

సువర్చల గొంతు పోయింది ఒక మంగళవారం ఉదయం, ప్రార్థన అయ్యాక, మూడో తరగతి గదిలో. సువర్చల పోయింది అంతకు నెల ముందు. ఇక్కడ రాస్తున్నది గొంతు గురించి. మనిషి గురించి ఎక్కువ రాయను.

ఆమె నా భార్య. మా ఊరి ప్రాథమిక పాఠశాలలో మూడో తరగతి టీచరు. నేను అదే ఆవరణలోని ఉన్నత పాఠశాలలో తెలుగు చెబుతాను. ఆమె స్థానంలోకి ఎవరినీ వేయలేదు కనుక ఉదయం మొదటి గంట నన్ను అక్కడికి పంపుతున్నారు. నేను చేసే పని తక్కువ. ఫోను బల్లమీద పెట్టి, పిల్లల యాప్ తెరిచి, 'వినికిడి పాఠాలు' అన్న చోట వేలు పెడితే, సువర్చల గొంతు సవరించుకుని చదవడం మొదలుపెడుతుంది. మూడో తరగతి వాచకంలో పదిహేను పాఠాలున్నాయి. నిరుడు విద్యాశాఖవారు చాలామంది టీచర్ల గొంతులు విని ఆమెను ఎంపిక చేశారు. పన్నెండు పాఠాలు చదివింది. వాటిని జిల్లాలోని మూడో తరగతి పిల్లలందరూ వింటున్నారు.

అన్నిటిలోకీ మా పిల్లలకు ఇష్టమైనది 'ఉప్పు ఎక్కడిది' అన్న పాఠం. మాది ఉప్పుమడుల ఊరు. ఉప్పు ఎక్కడిదో వాళ్ళకు వాచకం చెప్పనక్కర్లేదు. ఇష్టానికి కారణం వేరు. ఆ పాఠాన్ని సువర్చల వంటింట్లో కూర్చుని రికార్డు చేసింది. "సముద్రపు నీరు కాలువ గుండా" అని ఆగి, "ఏవండీ, పాలు" అని, మళ్ళీ "మడిలోకి పారుతుంది" అని సాగిస్తుంది. ఆ ముక్క తీసేయమని శాఖవారు రాశారు. తీసేసే ఏర్పాటు యాప్‌లో లేదు. అందుచేత ఆ చోటు రాగానే జిల్లాలోని మూడో తరగతి పిల్లలంతా ఒక్కసారిగా "ఏవండీ, పాలు" అంటారు. పరీక్షలో ఉప్పు తయారీ గురించి అడిగితే ఒకరిద్దరు పాలతో సహా రాశారని విన్నాను.

ఆ మంగళవారం పాఠానికి బదులు ఫోను మీద ఈ మాటలు వచ్చాయి: "కనెక్షన్ల పరిమితి నిండినది. తరువాత ప్రయత్నించగలరు."

తరువాత ప్రయత్నించాను. ఆ తరువాత కూడా ప్రయత్నించాను. ముందు బెంచీలో కూర్చునే ఢిల్లీశ్వరి నా మొహంలోకి చూసి అడిగింది.

"టీచరమ్మ ఈ రోజు రాలేదేటండి?"

"రాలేదు" అన్నాను.

మధ్యాహ్నానికి ప్రధానోపాధ్యాయురాలు దమయంతి గారు తన ఫోను మీద కూడా అదే వాక్యం చదివి, నన్ను పిలిచారు.

"జిల్లా కేంద్రానికి ఓసారి వెళ్ళిరండి మాస్టారూ. ఫోన్ చేస్తే ఎత్తరు. ఎత్తినా, ఫిర్యాదు యాప్‌లో పెట్టమంటారు. యాప్ తెరుచుకోవట్లేదన్నదే ఫిర్యాదు. ఏటి చేస్తాం?"

మర్నాడు వెళ్ళాను.

జిల్లా విద్యా అనుసంధాన కేంద్రం గుమ్మం మీద పెద్ద బ్యానరు కట్టి ఉంది: "తెరిచిన కనెక్షన్, తెరిచిన మనసు." ఆ ఏడాది రాష్ట్రమంతటా అనుసంధాన మహోద్యమం నడుస్తోంది. ఏ జిల్లా పాఠశాలల నుంచి ఎన్ని కనెక్షన్లు తెరిచి ఉన్నాయో రాజధానిలో ఒక బోర్డు మీద అంకెలు వెలుగుతూ ఉంటాయి. ఎన్ని ఎక్కువ తెరిచి ఉంటే పిల్లలు అంత ఎక్కువ నేర్చుకుంటున్నట్టు. ఇది ఎలాగని అడిగినవారు లేరు. అడగవలసిన చోటు కూడా యాప్‌లోనే ఉంది.

సర్వర్ గదిలో ఒక అమ్మాయి స్వెటర్ వేసుకుని వేరుశనగకాయలు వలుచుకుంటోంది. పేరు కెజియా. కాంట్రాక్టు మీద ఉన్న ఇంజనీరు.

"కూర్చోండి మాస్టారూ. ఈ చలి సర్వర్ కోసమండి. దానికి వేడి చెయ్యకూడదట. నాకు జ్వరం వచ్చినా ఫరవాలేదట" అంది. వచ్చిన పని చెప్పాను.

"మీ ఇంట్లో పోపుల డబ్బా ఉందా అండి?"

"ఉంది."

"పోపు పెట్టినప్పుడల్లా ఆవాల కోసం కొట్టుగదికి పరిగెత్తరు కదా. డబ్బాలోంచి తీస్తారు. ఈ క్యాషింగ్ సర్వర్ అదేనండి. అసలు సరుకు రాజధానిలో పెద్ద సర్వర్‌లో ఉంటుంది. మాటిమాటికీ అడిగేవి ఇక్కడ చేతికందేలా ఉంచుతాం. మీ వినికిడి పాఠాలు ఇందులోవే."

"డబ్బాకి ఏమైంది మరి?"

"డబ్బాకి ఏమీ కాలేదండి. చెయ్యి పెట్టినవాళ్ళెవరూ చెయ్యి తియ్యట్లేదు. ఇంకో చెయ్యి పట్టే చోటు లేదు."

పని లేకుండా పడి ఉన్న కనెక్షన్‌ని కాసేపు చూసి తానే మూసేసే ఏర్పాటు ఈ సర్వర్‌కి ఉండేదట. దానివల్ల మధ్యాహ్న భోజనం వేళ బోర్డు మీద మన జిల్లా అంకె పడిపోతోందని ఆ ఏర్పాటు తీయించేశారు. టీచర్ల యాప్‌లో 'ముగించు' అని ఒక బటన్ ఉండేది. కొత్త యాప్‌లో దాన్నీ తీసేశారు. ఇప్పుడు యాప్ తెరిచిన ప్రతిసారీ ఒక కొత్త కనెక్షన్ పుడుతుంది. పాతది అలాగే ఉంటుంది.

"ఇన్నిట్లో ఇప్పుడు నిజంగా పని చేస్తున్నవి ఎన్నమ్మా?"

"ఇందాక చూస్తే ఒకటి కదులుతోందండి. ఎవరో హాజరు వేస్తున్నారు. మిగతావన్నీ ఊరికే పట్టుకుని ఉన్నాయి. నాకూ చోటు లేదు. గుమ్మంలో నిలబడి లెక్కపెట్టగలను గానీ లోపలికి వెళ్ళలేను."

"నువ్వు ఒకటి తెంపలేవా?"

"తెంపగలనండి. తెంపితే బోర్డు మీద అంకె తగ్గుతుంది, పక్కన నా పేరు పడుతుంది. నాకు ముందున్నాయన అలా తెంపే ఇంటికెళ్ళాడు. ఎందుకండీ అవన్నీ, సర్వర్‌ని ఒకసారి ఆపి మళ్ళీ మొదలెట్టే వీలుంది. కరెంటు పోయిందని రాసుకుంటాను. అందరి చేతులూ ఊడిపోతాయి. డబ్బా ఖాళీ అవుతుందనుకోండి, కొట్టుగదిలోంచి మళ్ళీ నింపేస్తాను."

నాకు ఆ మాట నచ్చింది. నింపడానికి సరుకు సిద్ధంగా ఉందో లేదో చూద్దామని ఆమె పెద్ద సర్వర్‌లోకి వెళ్ళింది. చూసింది. మళ్ళీ చూసింది. చేతిలోని వేరుశనగకాయ బల్లమీద పెట్టేసింది.

"కొట్టుగది ఖాళీ చేశారండి."

"ఎవరు?"

"ఆడిట్‌వాళ్ళు." ఆమె తెర మీది ఉత్తర్వు చదివి వినిపించింది: "ఒకే పాఠము రెండు చోట్ల నిల్వ ఉండుట వృథా. పెద్ద సర్వర్ నందలి ప్రతులను ఎవరును అడుగుచుండుట లేదని పరిశీలనలో తేలినందున వాటిని తొలగించవలెను."

ఎందుకు అడుగుతారు. అందరూ డబ్బాలోంచే తీసుకుంటున్నారు.

"రికార్డు చేసినవాళ్ళ ఫోన్లో ఉంటాయి కదండీ" అని తనే అడిగి, తనే తల అడ్డంగా ఊపింది. "ఉండవు. పాఠం ఇక్కడికి ఎక్కగానే ఫోన్లోది యాప్ చెరిపేస్తుంది. టీచర్ల యాప్‌లో చదివి ఎక్కించడమే ఉంది, వినడం లేదు. టీచర్లు తమ పాఠం తాము వినక్కర్లేదని తీర్మానం చేశారు. అంటే మాస్టారూ, ఇవి ఇప్పుడు ఈ డబ్బాలో తప్ప ఇంకెక్కడా లేవు. సర్వర్ ఆగితే పోతాయి."

నేను ఆ సర్వర్ వైపు చూశాను.

"పోతే పోనీండి. ఆవిడెవరో, మళ్ళీ చదివించేస్తే సరి" అంది.

"మా ఇంటావిడమ్మా. కుదరదు."

ఆమె నా మొహం చూసింది. వేరుశనగకాయల పొట్లం నా వైపుకు జరిపింది.

జిల్లా అనుసంధానాధికారి విశ్వంభరరావు గారి గదికి ఇద్దరం కలిసి వెళ్ళాం. ఆయన బల్లమీద మూడు ఫోన్లు వరసగా ఛార్జింగ్‌లో ఉన్నాయి. మూడింటిలోనూ యాప్ తెరిచి ఉంది. ఆయన నాలుగో ఫోన్లో మాట్లాడుతున్నారు. అది ముగించి మా మాట విన్నారు. పని లేకుండా ఉన్నవాటిలో కొన్నిటిని మూయడానికి ఆర్డరు కావాలని కెజియా అడిగింది.

"చూడమ్మా, పని లేకుండా ఉన్నాయని నువ్వంటున్నావు. మౌనంగా ఉన్నాయని నేనంటున్నాను. మౌనంగా ఉన్నంతమాత్రాన లేనట్టేనా? మాస్టారూ, మీరు పెద్దవారు, తెలుగు పండితులు. మీరు చెప్పండి."

నేను బల్లమీది మూడు ఫోన్లనూ చూశాను.

"ప్రతి కనెక్షన్ వెనకా ఒక పాఠశాల ఉన్నది. ఒక పాఠశాల ఆత్మగౌరవం ఉన్నది. సంబంధిత పాఠశాల లిఖితపూర్వక సమ్మతి లేనిదే దాన్ని మూయడం సహజ న్యాయసూత్రాలకు విరుద్ధం. సమ్మతులు తెప్పించండి, తక్షణమే సంతకం చేస్తాను."

"సమ్మతి ఎలా పంపాలండి?" అన్నాను.

"యాప్ ద్వారా."

"యాప్ తెరుచుకోవడం లేదండి. కనెక్షన్లు నిండిపోయాయి."

"అది సాంకేతిక విషయం. సాంకేతిక విభాగం చూసుకుంటుంది."

"సాంకేతిక విభాగమంటే నేనేనండి" అంది కెజియా.

"అయితే చూసుకోమ్మా."

ఆయనే మళ్ళీ ఒక క్షణం ఆలోచించి, సర్వర్‌ని ఆపి మొదలుపెడితే ఎలా ఉంటుందని అడిగారు. ఎవరో చెప్పి ఉంటారు. అంతలో ఆయనే తల అడ్డంగా ఊపారు.

"ఆపితే బోర్డు మీద మన జిల్లా సున్నా. రాజధానిలో, అందరి ఎదుటా సున్నా. వీల్లేదు. నేనీ కుర్చీలో ఉన్నంతకాలం ఈ సర్వర్ ఆగదు."

"చాలా మంచి నిర్ణయమండి" అన్నాను.

నా సర్వీసులో ఒక పై అధికారిని ఇంత మనస్ఫూర్తిగా బలపరచడం అదే మొదటిసారి. ఆయన సంతోషించి, అక్కడికక్కడే ఏర్పాటు చేసిన కనెక్షన్ల కుశల సంఘంలో నన్ను సభ్యుణ్ణి చేశారు.

సంఘం సమావేశం కాకముందే ఆయన చేసిన పని పరిమితి పెంచడం. ఇప్పటిదాకా పట్టే కనెక్షన్లకు రెట్టింపు పట్టేలా సర్వర్‌లో ఒక అంకె మార్చమన్నారు. మారిస్తే చాలా చోట్లు ఖాళీ అవుతాయి. వాటిలో ఒక దాంట్లోంచి లోపలికి వెళ్ళి పాఠాలు బయటికి తీస్తానని కెజియా నాకు ఫోన్లో చెప్పింది. అయితే ఆ మార్పును ఊరికే చేయడం బాగుండదని విశ్వంభరరావు గారు దాన్ని పండగలా జరపదలిచారు. గురువారం ఉదయం మంచి సమయం చూసి పరిమితి పెంచుతామనీ, ఆ శుభ ముహూర్తానికి జిల్లాలోని ప్రతి టీచరూ హర్షసూచకంగా ఒక కొత్త కనెక్షన్ తెరవాలనీ సర్క్యులర్ పంపారు. కెజియా కీబోర్డు మీద వేళ్ళు పెట్టుకుని సిద్ధంగా కూర్చుంది. జిల్లాలోని టీచర్లందరూ కూడా ఫోన్ల మీద వేళ్ళు పెట్టుకుని సిద్ధంగా కూర్చున్నారు. ముహూర్తం వచ్చింది. వెళ్ళిపోయింది.

"ఏమైందమ్మా?" అని ఫోన్లో అడిగాను.

"నిండిపోయిందండి. నా కన్నా మీవాళ్ళ వేళ్ళు స్పీడు."

బోర్డు మీద మన జిల్లా మూడో స్థానం నుంచి మొదటి స్థానానికి వచ్చింది.

కుశల సంఘం మొదటి సమావేశం శుక్రవారం జరిగింది. ప్రతి కనెక్షన్‌నీ సర్వర్ "ఉన్నారా?" అని పలకరించాలనీ, "ఉన్నాను" అన్నవాటిని సజీవంగా పరిగణించాలనీ తీర్మానించాం. అలా పలకరిస్తే అవతల ఫోను తనంత తానే జవాబిస్తుందనీ, ఆ ఫోను పక్కన మనిషి ఉన్నదీ లేనిదీ దానివల్ల తెలియదనీ కెజియా చెప్పింది. ఆ అభిప్రాయాన్ని నమోదు చేశారు. పలకరింపు పనిని సర్వర్‌కి మాత్రమే వదిలిపెట్టడం యాంత్రికంగా ఉంటుందని, టీచర్లు కూడా యాప్ తెరిచి మానవీయంగా పర్యవేక్షించాలన్నారు. ఎవరైనా ఆపసోపాలు పడి తెరవగలిగితే, ఆ పర్యవేక్షణ కోసం ఇంకొక కనెక్షన్ పుట్టేది.

జవాబు రానివాటిని ఏం చెయ్యాలన్నది తరవాతి అంశం. వెంటనే మూసేయొచ్చు కదా అని ఒకరన్నారు. సంఘంలో అందరికన్నా పెద్దవారైన ఒక మండల విద్యాధికారి ఆ మాటకు నొచ్చుకున్నారు.

"అదేటండి, అప్పటికప్పుడే మూసెయ్యడం? పదకొండో రోజు దాకా ఆగాలండి. ఏదైనా సరే, మనకో పద్ధతుంది."

అందరూ ఒప్పుకున్నారు. పదకొండో రోజు తరవాత ఏం చెయ్యాలో ఆయన చెప్పలేదు.

సంఘం నివేదికలో "జిల్లాలో మృత కనెక్షన్లు లేవు" అని రాశారు. నేనూ సంతకం పెట్టాను. బడికి వెళ్ళి బల్లమీద ఫోను పెడితే 'పరిమితి నిండినది' అన్న పాత వాక్యమే వచ్చింది. నేనే వాచకం తీసి 'ఉప్పు ఎక్కడిది' చదివాను. "సముద్రపు నీరు కాలువ గుండా మడిలోకి పారుతుంది" అని ఆగకుండా చదివేశాను. పిల్లలు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

"మీరు తప్పు చదివేసినారండి మాస్టారూ" అంది ఢిల్లీశ్వరి.

సోమవారం దమయంతి గారు నన్ను గదిలోకి పిలిచి తలుపు దగ్గరగా వేశారు.

"జిల్లా కేంద్రం నుంచి ఫోనొచ్చినాదండి. మన బడికి అవార్డు ఇస్తారట. ఉత్తమ అనుసంధాన ఉపాధ్యాయురాలట." ఆమె ఆగారు. "సువర్చలకి."

"ఎందుకట?"

"జిల్లా మొత్తం మీద ఎక్కువ కనెక్షన్లు తెరిచి ఉన్నది ఆవిడవేనట. నేను చెప్పినానండి, లేదు బాబూ ఆవిడ, పోయింది అని. యాప్‌లో అలా లేదు మేడమ్ అని పెట్టేసినాడు."

పురస్కార సభకు నేను వెళ్ళాను. వెళ్ళకపోవడానికి కూడా యాప్‌లో సెలవు పెట్టాలి. విశ్వంభరరావు గారు మైకు ముందు నిలబడి చాలాసేపు మాట్లాడారు.

"ఈ మహోద్యమంలో ఒక సామాన్య ఉపాధ్యాయురాలు మనందరికీ మార్గదర్శి కావడం మన జిల్లా అదృష్టం. గత నెలన్నరగా ఆమె ఒక్క క్షణం కూడా తన అనుసంధానాన్ని విరమించలేదు. ఆదివారాలు లేవు. సెలవులు లేవు. రాత్రనక, పగలనక ఆమె మనతో ఉన్నారు. 'ఉన్నారా?' అని పలకరించిన ప్రతిసారీ 'ఉన్నాను' అని జవాబిచ్చారు. శ్రీమతి సువర్చల గారిని వేదిక మీదికి సగౌరవంగా ఆహ్వానిస్తున్నాను."

చప్పట్లు కొట్టారు. నేను లేచి వెళ్ళాను. ఆయన నన్ను చూసి పక్కకు వంగి, "మేడమ్ రాలేదా?" అన్నారు.

"ఆమె చనిపోయిందండి. నెలన్నర అయింది."

ఆయన మైకును చేత్తో మూశారు. మంచివాడు. మొహం నిజంగానే వాడిపోయింది.

"అయ్యో మాస్టారూ. నాకు తెలియదు. మరి ఆ సంగతి నమోదు చేయించలేదా?"

"ప్రధానోపాధ్యాయురాలు యాప్‌లో నమోదు చేయాలటండి. మరణ ధ్రువపత్రం చేతికొచ్చేసరికి యాప్ తెరుచుకోవడం మానేసింది."

ఆయన కాసేపు నేల చూశారు. తరవాత నా భుజం మీద చెయ్యి వేసి, గొంతు తగ్గించి అన్నారు. "మరణం విషయంలో నా ప్రగాఢ సానుభూతి మాస్టారూ. అనుసంధానం విషయం వేరు. నమోదు అయ్యేంతవరకు నియమాల ప్రకారం ఆమె సజీవ వినియోగదారు. జ్ఞాపిక మీరు స్వీకరించండి."

స్వీకరించాను. గాజుతో చేసిన గొలుసు. రెండు చివర్లూ కలిపి ఉన్నాయి.

ఆయన మళ్ళీ మైకు అందుకుని ఇంకొక ప్రకటన చేశారు. సువర్చల పేరుతో సహా ఈ విజయాన్ని పాలరాతి మీద చెక్కించి కేంద్రం గోడకు బిగిస్తారు. శనివారం గోడ తొలుస్తారు. సర్వర్ తీగలన్నీ ఆ గోడలోంచే పోతున్నాయి కనుక పని జరిగినంతసేపూ కరెంటు ఆపుతారు. రాజధాని బోర్డు మీద మాత్రం అంకె ఆరిపోకుండా, ఆ కాసేపూ పాత అంకెనే వెలిగించి ఉంచమని పైవారిని ఒప్పించారట.

నేను సర్వర్ గదికి వెళ్ళేసరికి కెజియా నిలబడే ఉంది.

"విన్నారా?"

"విన్నాను. కరెంటు పోతే నడిపే బ్యాటరీ ఉంటుంది కదమ్మా?"

"ఉందండి. ఫలకం చుట్టూ దీపాలకి ఇచ్చేశారు." కుర్చీ లాక్కుని కూర్చుంది. "మీకో సంగతి చెప్పాలి. ఎక్కువ కనెక్షన్లున్న ఆ ఒక్క పేరూ చూసి, ఇది మనిషి కాదు, ఎవడో దొంగ ప్రోగ్రామ్ పెట్టి ఆడిస్తున్నాడనుకున్నానండి నేను. పైకి రాశాను కూడా. ఆ ఫోనెక్కడుంది?"

"వంటింట్లో. అలమారలో, ఛార్జింగ్‌లో."

"ఎవరు వాడుతున్నారు?"

"ఎవరూ వాడరు. అక్కడే పెట్టి వెళ్ళింది. ఛార్జింగ్ తగ్గితే నేను పెడతాను."

కెజియా తెర వైపు తిరిగి ఆ పేరు మళ్ళీ చూసింది. తరవాత నెమ్మదిగా చెప్పింది. మా ఊళ్ళో కరెంటు పోయి వచ్చినప్పుడల్లా ఇంట్లో ఇంటర్నెట్ పోయి వస్తుంది. వచ్చినప్పుడల్లా ఆ ఫోను సర్వర్‌తో మళ్ళీ కొత్తగా కలుస్తుంది. పాతది మూయమని చెప్పేవారు లేరు. మా ఊళ్ళో కరెంటు తరచుగా పోతుంది.

"ఆ ఫోన్లో కొత్త యాప్ వేశారా అండి?"

"ఎవరు వేస్తారమ్మా."

"అయితే దాంట్లో 'ముగించు' బటన్ ఉంటుంది. నాకు తెలిసి జిల్లాలో ఆ ఒక్క ఫోన్లోనే ఉంటుందేమో. అది నొక్కితే ఆవిడ పేరున ఉన్నవన్నీ ఒక్కసారే మూసుకుంటాయి. నాకు ఆర్డరు అక్కర్లేదు, వాడేవాళ్ళే మూశారని పడుతుంది. ఆ సందులో నేను లోపలికి దూరి పాఠాలు తీసేస్తాను."

"ఊరికే ఫోను ఆపేస్తే?"

"సర్వర్‌కి తెలియదండి. ఇంకా ఉన్నారనే అనుకుంటుంది."

"ముగించాక మళ్ళీ తెరవొచ్చా?"

"పాస్‌వర్డ్ అడుగుతుంది. మీకు తెలుసా అండి?"

"తెలియదు."

"అయితే తెరుచుకోదు" అంది. "శుక్రవారం సాయంత్రం దాకా టైముంది మాస్టారూ. నేనిక్కడే ఉంటాను" అంది.

శుక్రవారం బడి వదిలాక ఇంటికి వెళ్ళాను. ఫోను అలమారలో పోపుల డబ్బా పక్కన ఉంది. దానికి ఛార్జింగ్ పెట్టడమే తప్ప తెరిచి చూడలేదు. ఇప్పుడు చూశాను. ఆమె వదిలిన చోటే ఆగి ఉంది. "పదమూడవ పాఠం. కొంగ ఒంటికాలి మీద. చదవడానికి సిద్ధంగా ఉన్నారా?" దాని కింద రెండు బటన్లు. ఎడమవైపు 'మొదలుపెట్టు'. కుడివైపు 'ముగించు'.

నా ఫోన్లో కెజియా లైన్లో ఉంది.

"మాస్టారూ, నొక్కారా?"

"ఇంకా లేదమ్మా."

"తొందరేం లేదండి" అంది. ఆమె వెనక ఎవరో గోడ మీద సుద్దముక్కతో కొలతలు గీస్తూ అంకెలు అరుస్తున్నారు.

నేను ముగించు నొక్కాను. యాప్ మర్యాదగా ఇంకోసారి అడిగింది: "నిజంగా ముగించాలా?" అవును అన్న చోట నొక్కాను. తెర మీద ఆమె పేరు పోయి, పేరు రాయవలసిన ఖాళీ గడి వచ్చింది.

అవతల కీబోర్డు చప్పుడు గబగబా వినిపించింది. ఆగింది. మళ్ళీ వినిపించింది. తరవాత చాలాసేపు ఏమీ లేదు.

"అమ్మా?"

"వచ్చాయండి. పన్నెండూ వచ్చాయి. మూడు చోట్ల దాచాను. ఆడిట్‌కి చెప్పకండి."

"ఉప్పు పాఠంలో మధ్యలో ఒక ముక్క ఉండాలి."

"ఉందండి. విన్నాను." వేరుశనగకాయ వలిచిన చప్పుడైంది. "వెనకాల మీరే కదండీ, 'చూస్తున్నా' అన్నది?"

నేను అలా అన్నానని నాకు గుర్తు లేదు. తరగతి గదిలో ఆ చోట ఎప్పుడూ పిల్లల కేకే వినిపించేది.

శనివారం కరెంటు ఆపారు. గోడ తొలిచారు. సర్వర్ ఆగి, మళ్ళీ మొదలై, ఖాళీగా లేచింది. అందరి చేతులూ ఊడిపోయాయి. కెజియా పాఠాలను తిరిగి లోపల పెట్టింది. అంకెను పాతదే వెలిగిస్తామన్న పైవారు మరిచిపోయారు. రాజధాని బోర్డు మీద మన జిల్లా చివరి స్థానానికి వచ్చింది. పాలరాతి ఫలకం మీద మొదటి స్థానం అనే ఉంది. దీపాలు బాగా వెలుగుతున్నాయి.

సోమవారం మూడో తరగతిలో ఫోను బల్లమీద పెట్టాను. సువర్చల గొంతు సవరించుకుని చదవడం మొదలుపెట్టింది. "సముద్రపు నీరు కాలువ గుండా" అనగానే గదంతా ఒక్కసారిగా "ఏవండీ, పాలు" అంది. వెనక వచ్చే రెండో మాట ఆ కేకలో కలిసిపోయింది.

పాఠం అయ్యాక ఢిల్లీశ్వరి వేళ్ళు మడిచి లెక్కపెట్టింది.

"ఇవన్నీ వినీసినామండి. కొంగ పాఠం టీచరమ్మ ఎప్పుడు చదువుతాది?"

"చూద్దాం" అన్నాను.

బుధవారం జిల్లా కేంద్రం నుంచి మెమో వచ్చింది. యాప్‌లో కాదు, కాగితం మీద, రిజిస్టర్డ్ పోస్టులో. దమయంతి గారు కవరు చించి చదివి, నా చేతికిచ్చి, కిటికీ వైపు తిరిగి నిలబడ్డారు.

"శ్రీమతి సువర్చల, ఉపాధ్యాయిని, గారికి. మీరు శుక్రవారము సాయంత్రము, ఎట్టి ముందస్తు అనుమతియు లేకుండా, మీ పేరిట గల యావత్తు కనెక్షన్లను ఏకపక్షముగా ముగించి, తద్వారా జిల్లా ప్రతిష్ఠకు భంగము కలిగించినట్లు ఈ కార్యాలయ దృష్టికి వచ్చినది. ఇట్లు హఠాత్తుగా విరమించుటకు గల కారణములను మీరు స్వయముగా, స్వదస్తూరీతో, వారము లోపల తెలియజేయవలెను. లేనియెడల మీరు చెప్పుకొనునది ఏమియు లేదని భావించి తదుపరి చర్య గైకొనబడును."

"ఏటి రాస్తారండి మాస్టారూ దీనికి?" అన్నారు దమయంతి గారు, వెనక్కి తిరగకుండానే.

మెమో మడిచి జేబులో పెట్టుకున్నాను. వారం దాటింది. జవాబు రాయలేదు. కొంగ పాఠం కూడా ఇంకా ఎవరూ చదవలేదు.